ముఖం కదలని పాఠం

టాటానగర్ స్టేషన్‌లో దిగి బిష్టుపూర్ వైపు బయల్దేరిన వారికి ముందుగా కనిపించేవి పొగగొట్టాలే. 1912లో తొలి ఉక్కు దిమ్మె బయటికొచ్చిన ఊరిది. జంషెడ్‌పూర్ అంటే అందరికీ గుర్తొచ్చేది కర్మాగారం, లేదంటే ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ. బొమ్మలు కదిలించడం నేర్చుకోవడానికీ ఇక్కడ చోటుందంటే చాలామంది నమ్మరు. బిష్టుపూర్ బజారులో మేడమీది గదుల్లో ఆ చదువూ నడుస్తోంది. కోర్సు ముగిసేలోగా ప్రతి విద్యార్థీ ఓ చిన్న సినిమా తీయాలి. రెండు నిమిషాలదైనా సరే, అది తనదై ఉండాలి.

ఆ రెండు నిమిషాలు ఎంతో ఓసారి లెక్కేయండి. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి, నిమిషానికి 720. రోజుకు ఇరవై గీసే కుర్రాడికి రెండు నిమిషాల సినిమా అంటే 72 రోజుల పని. రంగులు, శబ్దం ఇంకా మొదలే కాలేదు. కంప్యూటర్‌లో త్రీడీ చేస్తే గీత బాధ తప్పుతుంది, కానీ రెండరింగ్‌కు యంత్రం రాత్రంతా నడవాలి. కంపెనీ కరెంటు వచ్చే పేటల్లో దానికి బెంగలేదు. సువర్ణరేఖ దాటి మాంగోలో ఉండేవాళ్లకు మాత్రం ఆ ధీమా తక్కువ.

పరికరాల కొరత ఇదివరకటంత లేదు. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో తయారైన లాత్వియా చిత్రం 'ఫ్లో' 2025లో ఆస్కార్ గెలుచుకుంది. అందులో మాటలే లేవు. ఉన్నది ఓ పిల్లి, మరికొన్ని జంతువులు, వరద నీరు.

మాటలు లేకపోవడం ఈ ఊరి పిల్లలకు మరో రకంగానూ కలిసొస్తుంది. ఇక్కడ సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, హిందీ పక్కపక్కనే వినిపిస్తాయి. ఉక్కు పని కోసం తాతల కాలంలో తరలివచ్చిన తెలుగు కుటుంబాలూ తక్కువేమీ కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్లో ఇంగ్లీషు. నాయనమ్మ చెప్పిన కథను బొమ్మలుగా మార్చాలంటే దాన్ని ఏ భాషలో పలికించాలి? పక్క డెస్కులోని సంతాలీ కుర్రాడికీ అదే చిక్కు.

దానికి జవాబు నైరుతి దిశగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సరాయ్‌కేలాలో ఉంది. ఆదిత్యపూర్ ఫ్యాక్టరీ షెడ్లు దాటి కాస్త ముందుకెళితే లారీల రద్దీ పల్చబడుతుంది. ఊరు చిన్నదే. కానీ ఇక్కడి ఛౌ నృత్య బృందం 1938లోనే యూరప్ వెళ్లొచ్చింది. 2010లో యునెస్కో ఛౌను తన వారసత్వ జాబితాలో చేర్చింది. పురూలియా ఛౌలోనూ మాస్కులున్నా అవి భారీగా, ఆర్భాటంగా ఉంటాయి. మయూర్‌భంజ్‌లో అసలు మాస్కే ఉండదు. సరాయ్‌కేలా మాస్కు మాత్రం నునుపు, లేతరంగు, అరమూసిన కళ్లు. మట్టి అచ్చు మీద కాగితం, పల్చటి గుడ్డ పొరలు పొరలుగా అతికించి ఆరబెట్టి చేస్తారు.

యానిమేషన్ విద్యార్థి చూడాల్సింది ఆ మాస్కు దాచేసే దాన్నే. కళ్లు తిప్పడానికి లేదు, పెదవి విరవడానికి లేదు, పాట కూడా లేదు. ఉన్నవి ధోల్, నగారా, షెహనాయి. దుఃఖమైనా గర్వమైనా మెడ వాలులో, మోకాలి వంపులో, పాదం నేల తాకే తీరులో తెలియాలి. పక్షుల, జంతువుల నడకలూ, పల్లె ఇల్లాళ్ల రోజువారీ పనులూ ఈ నృత్యంలో అడుగులయ్యాయి. బొమ్మను నడిపించడమే యానిమేషన్‌లో తొలి పాఠం కాబట్టి, వందల పేజీల పుస్తకం చెప్పలేనిది ఇక్కడ ఓ నెమలి నడకలో దొరుకుతుంది. తోలుబొమ్మలాట చూసి పెరిగిన తెలుగువారికి ఇది మరీ కొత్తేమీ కాదు. అక్కడా బొమ్మ ముఖం మారదు కదా!

మాస్కు వెనక ఊపిరి ఆడడం కష్టం. అందుకే ఒక్కో నృత్యం ఏడెనిమిది నిమిషాల్లో ముగిసిపోతుంది. షార్ట్ ఫిల్మ్ నిడివి కూడా అంతే. ఒక్క పడవవాడు, ఒక్క రాత్రి, ఒక్క నెమలి. అంతకు మించి కథ పెట్టుకోరు. చదువు పూర్తి చేసే తొలి సినిమాలోనే మహాభారతం చెప్పాలనుకునే కుర్రాళ్లు ముందు గమనించాల్సింది ఇదే.

చదువు అయ్యాక వీరిలో ఎక్కువమంది ఊళ్లో ఉండరు. ఉక్కు నగరంలో బొమ్మల స్టూడియోలు ఎన్నుంటాయి గనక? కోల్‌కతా, హైదరాబాద్, ముంబై రైలెక్కాల్సిందే. అక్కడ కొత్తగా చేరినవారికి సాధారణంగా దక్కేది రోటోస్కోపీ. ఎవరో తీసిన సినిమాలో ఎవరో నటుడి అంచు వెంబడి ఫ్రేము తర్వాత ఫ్రేము గీత గీయడం. జీతం వస్తుంది, పేరు చివరి టైటిల్స్‌లో వస్తే వచ్చినట్టు. తమ కథ, తమ పాత్ర అనేది మళ్లీ ఎప్పుడో. చాలామందికి మళ్లీ ఉండదు కూడా. అందుకే ఆ రెండు నిమిషాల మీద అంత పంతం.

ఏప్రిల్‌లో చైత్ర పర్వం రాత్రుల్లో సరాయ్‌కేలాలో నృత్యాలు జరుగుతాయి. అప్పుడు తీసుకున్న ఫోన్ వీడియో ఉంటే కావలసినంత పని. బిష్టుపూర్ గదిలో దాన్ని ఒక్కో ఫ్రేమూ ఆపి, నర్తకుడి బరువు ఎడమ కాలి నుంచి కుడి కాలికి ఏ ఫ్రేములో మారిందో వెతకొచ్చు. దొరికితే పెన్సిల్‌తో అక్కడో చుక్క. తర్వాత మళ్లీ మొదటి నుంచి.