వూచ్‌లో అద్దె ఎందుకు తక్కువ?

"పోలెండ్‌లో ఏ ఊరు బాబూ?" అని ఆటోనగర్ టీ కొట్టు దగ్గర ఎవరడిగినా నాకు చిన్న ఇబ్బంది. ఆ ఊరి పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో చూస్తే మనం 'లోడ్జ్' అని చదువుతాం. అక్కడివాళ్లు మాత్రం 'వూచ్' అంటారు.

"వూచా? ఏటి, అక్కడ ఇనప ఊచలు తయారవుతాయా?" అన్నాడు మా షెడ్డులో పనిచేసే టర్నర్ మావయ్య.

"కాదు మావయ్యా, బట్టలు తయారయ్యేవి. ఇప్పుడు అవి కూడా పెద్దగా లేవు" అన్నాను.

మాది విశాఖపట్నంలో గాజువాక పక్కనున్న ఆటోనగర్. నాన్నకి రెండు లేత్ మిషన్లున్న చిన్న షెడ్డు ఉంది. షాఫ్టులు, బుష్‌లు, ఫ్లాంజ్‌లు చేస్తారు. ఆ లేత్ చప్పుడులోనే హోంవర్క్ చేసుకుని, ఇంజనీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. రెండేళ్ల కిందట పోలెండ్ ఆఫర్ వచ్చింది. వార్సా, క్రాకోవ్, వూచ్.. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. నేను చూసింది ఒక్కటే, అద్దె. వూచ్‌కి ఓటేశా.

ముందు మీకు కావలసిన లెక్కలు చెప్పేస్తా. సింగిల్ రూమ్ ఫ్లాట్‌కి మెయింటెనెన్స్‌తో కలిపి నేను కట్టేది దాదాపు 2,300 జ్లోటీలు. మన డబ్బుల్లో యాభై వేల పైమాటే. ఎక్కువే అనిపిస్తుంది కదా? వార్సాలో ఉన్న నా ఫ్రెండ్ అలాంటి గదికే నాకంటే చాలా ఎక్కువ కడుతున్నాడు. అక్కడికి రైల్లో గంటన్నర దూరం కూడా ఉండదు. ట్రామ్ పాస్ ఉంటే బండి అక్కర్లేదు. దిగగానే 'పెసెల్' నంబర్ తీసుకోవాలి, అదే వాళ్ల ఆధార్ అనుకోండి. రెసిడెన్స్ కార్డుకి అప్లై చేశాక ఓపిక పట్టాలి. ఆదివారాలు చాలావరకు షాపులు మూసేస్తారు, కాబట్టి శనివారమే పాలూ పెరుగూ తెచ్చుకోవాలి. కరివేపాకు మాత్రం ఇంటి నుంచి ఎండబెట్టి తీసుకెళ్లండి.

డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడిపోతుంది. మొదటి చలికాలం నన్ను భయపెట్టింది చలి కాదు, ఆ చీకటే.

'వూచ్' అంటే పోలిష్ భాషలో పడవ. ఊరి చిహ్నంలో కూడా పడవే ఉంటుంది. తమాషా ఏంటంటే అక్కడ సముద్రం లేదు, పేరుకో నది ఉన్నా సిటీ మధ్యలో అది చాలావరకు నేల కిందే పారుతుంది. పోర్టు సిటీ నుంచి వెళ్లినవాడికి ఇది కొంచెం వింతే.

ఊరి నడిబొడ్డున పియోత్ర్‌కోవ్‌స్కా వీధి ఉంది. నాలుగు కిలోమీటర్ల పైన ఉంటుంది. దానికి కాస్త దూరంలో 'మానుఫక్తూరా' అనే పెద్ద మాల్. ఎర్ర ఇటుకల గోడలు, కోటలా ఉండే గేటు. ఒకప్పుడు అది ఇజ్రాయెల్ పోజ్నాన్‌స్కీ అనే యజమాని నూలు మిల్లు. 2006లో మాల్‌గా తెరిచారు. పాత పవర్ స్టేషన్ ఇప్పుడు సైన్స్ సెంటర్, ప్లానెటోరియం. 'క్షెంజీ మ్విన్' అనే పాత మిల్లు పేటలో కార్మికుల ఇళ్ల వరసలు చూస్తే నాకు ఏదో పాత క్వార్టర్స్ మధ్య తిరుగుతున్నట్టే ఉంటుంది. ఇన్ఫోసిస్ విశాఖలో 2023లో ఆఫీసు తెరిచింది. వూచ్‌లో 2007 నుంచే ఉంది. అంటే బట్టలు పోయాయి, కంప్యూటర్లు వచ్చాయి. కథ సుఖాంతం అనుకున్నా.

మా మెట్ల దగ్గర కింది ఫ్లాట్‌లో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉంటారు. పోలిష్‌లో ఆడవాళ్ల పేరు ముందు 'పానీ' అని చేరుస్తారు, మనం 'గారు' అన్నట్టు. ఆవిడతో నా మాటలన్నీ సగం నా వచ్చీరాని పోలిష్‌లో, సగం ఫోన్ ట్రాన్స్‌లేటర్‌లో. నేను గట్టిగా మాట్లాడితేగానీ ఆవిడకి వినపడదు. స్పిన్నింగ్ మిల్లులో పనిచేశారట. మా నాన్న కూడా టీవీ సౌండ్ అంతే పెట్టుకుంటారు. ఆ పోలిక తట్టగానే ఆవిడ మీద ఎక్కడలేని అభిమానం వచ్చేసింది.

1971 ఫిబ్రవరిలో తిండి సరుకుల ధరలు పెంచినందుకు వూచ్ మిల్లుల్లో ఆడవాళ్లు సమ్మె కట్టారు. ప్రధానమంత్రే దిగి వచ్చాడు. పెంచిన ధరలు వెనక్కి తీసుకున్నారు. ఆవిడ అది చెబుతుంటే నేను నెట్‌లో తేదీ చూశా. దానికి సరిగ్గా ముందు నెల, 1971 జనవరి 20న, ఇందిరాగాంధీ మన స్టీల్ ప్లాంటుకి శంకుస్థాపన చేశారు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ జనం ప్రాణాలిచ్చి పోరాడితే వచ్చిన ప్లాంటు.

"మరి మిల్లులు ఎందుకు పోయాయి?" అని అడిగా.

వూచ్ బట్టకి పెద్ద గిరాకీ సోవియట్ యూనియన్‌ది. 1989 తర్వాత ఆ వ్యవస్థ కూలింది, ఆ ఆర్డర్లు పోయాయి, బయటి నుంచి చవక బట్ట వచ్చింది. కొన్నేళ్లలోనే మిల్లు మీద మిల్లు మూతపడింది. 1980ల చివర్లో ఎనిమిదిన్నర లక్షల జనాభా ఉన్న ఊరు ఇప్పుడు ఆరున్నర లక్షల దగ్గరికి వచ్చింది. ఇవి నేను తర్వాత చదువుకున్నవి. ఆవిడ చెప్పింది ఇంకోటి.

"మిషన్లని పాతసామానుకి అమ్మేశారు. అది తట్టుకున్నాం. తర్వాత పిల్లలు వెళ్లిపోయారు. ఈ మెట్ల మీద ఇప్పుడు కుర్రాడివి నువ్వొక్కడివే. నువ్వు కూడా ఇండియా నుంచి వచ్చావు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా అద్దె తక్కువగా ఉన్నది ఎందుకో అర్థమైంది. వెళ్లిపోయిన వాళ్ల చోటులో నేను ఉంటున్నా.

ఇంకో కారణం కూడా ఉంది. అంతకు వారం ముందే నాన్న వీడియో కాల్‌లో అన్నారు, "షెడ్డుకి మంచి బేరం వచ్చిందిరా. గోడౌన్‌కి కావాలట. ఏమంటావ్?" నేను స్క్రీన్ మీద కోడ్ చూసుకుంటూ, "అమ్మేయండి నాన్నా, ఎందుకీ కష్టం" అనేశా. 2021 జనవరిలో ప్లాంటుని అమ్మాలని కేంద్రం నిర్ణయించినప్పటి నుంచి ఆటోనగర్‌లో ఇదే మాట. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు గానీ, ఒక ఏడాది ఆర్డర్లు ఉంటాయి, ఒక ఏడాది ఉండవు అన్న భయం మాత్రం నాన్నని వదల్లేదు.

మర్నాడు ఫోన్ చేశా. "నాన్నా, ఒక్క ఏడాది ఆగండి."

"ఆగితే? నువ్వొచ్చి నడుపుతావా?"

జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ లేదు. నాకు లేత్ మీద ఒక బోల్టు చేయడం కూడా రాదు. కానీ వూచ్ నాకు నేర్పింది ఒకటుంది. ఒకే గిరాకీ మీద బతికే ఊరైనా, షెడ్డైనా, ఆ గిరాకీ పోయిన రోజు ఆలోచించడానికి టైమ్ ఉండదు. గోడలు మిగులుతాయి, వాటిని మాల్ చేసుకోవచ్చు. పని తెలిసిన చేతులు వెళ్లిపోతే తిరిగి రావు.

అందుకే ఈసారి సెలవులకి వచ్చి చేసింది చిన్న పనే. నాన్న చేసే పార్టుల కొలతలన్నీ నోట్‌బుక్కులోంచి తీసి కంప్యూటర్‌లో డ్రాయింగులు చేశా. పరవాడ ఫార్మా సిటీ వైపు నాలుగు చోట్లకి, ఫిషింగ్ హార్బర్ వైపు రెండు చోట్లకి నాన్నని బండి మీద తిప్పా. ఫార్మా వాళ్లు "చూద్దాం" అన్నారు. హార్బర్‌లో ఒకాయన మాత్రం అరిగిపోయిన ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకటి చేతిలో పెట్టి, ఇలాంటిదే చేసిమ్మన్నాడు.

ఒక్క షాఫ్ట్‌తో షెడ్డు నిలబడదు, నాకూ తెలుసు. వచ్చే వారం నేను మళ్లీ ఫ్లైట్ ఎక్కుతున్నా. బేరం వాడికి నాన్న ఇంకా "కాదు" అని చెప్పలేదు, "తర్వాత చూద్దాం" అన్నారు.

షాఫ్ట్‌ని చక్‌లో బిగిస్తూ మావయ్య అడిగాడు, "ఇది దేనికి బాబూ?"

"పడవకి" అన్నాను.

"అదే కదా మీ ఊరి పేరు!" అని నవ్వి మిషన్ ఆన్ చేశాడు.