చలికోట్ల పంపకాలు

వచ్చే నెలలో మినియాపోలిస్ వదిలేసి డల్లాస్ వెళ్ళిపోతున్నాం. అద్దెకి ఇల్లు దొరికింది, పిల్లల బడి సంగతి తేలింది, ట్రక్కు కూడా మాట్లాడేశాం. తేలనిది ఒక్కటే. వీధి తలుపు పక్కన కోట్లు తగిలించే అలమరా.

పోయిన శనివారం పొద్దున్నే కాఫీ తాగి, "ఒక్క గంటలో తేల్చేస్తాను చూడు" అని మా ఆవిడకి మాటిచ్చి దాని తలుపు తీశాను. ఆదివారం సాయంత్రానికి హాల్లో నడవడానికి దారి లేదు. నలుగురు మనుషులకి పదకొండు కోట్లు, ఎనిమిది జతల బూట్లు, జత కుదరని గ్లోవ్సు బుట్టెడు, మంకీ టోపీలు, మఫ్లర్లు.. మనం రాసే ప్రోగ్రాముల్లో "ఎందుకైనా మంచిది" అని తీసెయ్యకుండా కామెంటు చేసి వదిలేసిన కోడు ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. ఎవరు పెట్టారో తెలీదు, ఎందుకు పెట్టారో తెలీదు, తీసేస్తే ఏమవుతుందోనని భయం మాత్రం ఉంటుంది.

మొదట నాకు తట్టిన సూత్రం చాలా తేలిక. డల్లాస్‌లో జనవరి రాత్రుల్లో కూడా సగటున సున్నా సెల్సియస్‌కి పైనే ఉంటుంది. ఆమాత్రం వెచ్చబడితే ఇక్కడి జనం కోటు జిప్పు తీసేసి తిరుగుతారు. కాబట్టి తలా ఒక పల్చటి జాకెట్టు ఉంచుకుని మిగతావన్నీ ఇచ్చెయ్యడమే. ఇదే మాట ప్లేనోలో ఉండే మా బావమరిదికి ఫోన్లో గొప్పగా చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బావా, నువ్వు 2021 మర్చిపోయినట్టున్నావ్" అన్నాడు.

మర్చిపోలేదు కానీ, అప్పుడు ఇక్కణ్ణించి చూసి నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ ఏడు ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదయింది. మన లెక్కలో మైనస్ 19. 1949 తర్వాత అక్కడ అంత చలి మళ్ళీ అదే. మైనస్ రెండంటే మా పిల్లలు మామూలుగా బడికెళ్ళే రోజు. "దానికే ఇంత గోలా" అనుకున్నాను. గ్యాసు సరఫరా దెబ్బతింది, కరెంటు ప్లాంట్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. టెక్సాస్ గ్రిడ్డు చాలావరకు మిగతా దేశంతో కలవకుండా విడిగా ఉంటుంది, అందుకని బయట్నించి తెచ్చుకునే వీలు పెద్దగా లేకపోయింది. 45 లక్షల పైచిలుకు ఇళ్ళకీ దుకాణాలకీ కరెంటు పోయింది. రాష్ట్ర ప్రభుత్వం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. వాళ్ళలో ఒళ్ళు చల్లబడి పోయినవాళ్ళే ఎక్కువ.

మా బావమరిది ఇంట్లో రెండు రోజులు కరెంటు లేదు. హీటరు కూడా కరెంటుదే. పిల్లల్ని మధ్యలో వేసుకుని, ఇంట్లో ఉన్న దుప్పట్లు, శాలువాలు, చీరలు అన్నీ కప్పుకుని హాల్లో పడుకున్నారట. "మీ ఊళ్ళో చలి బయట ఉంటుంది బావా. తలుపేసుకుంటే అయిపోతుంది. మాకా రెండు రోజులు చలి ఇంట్లోకొచ్చి కూచుంది. బయటికెళ్ళే కోట్లు ఎవరికైనా ఇచ్చుకో, పర్లేదు. ఇంట్లో వేసుకునేవి మాత్రం వదలకు" అన్నాడు.

పన్నెండేళ్ళు మిన్నెసోటాలో ఉన్నానన్న పొగరు ఆ ఒక్క మాటతో దిగిపోయింది. పని కూడా సగం అయిపోయింది. ఒంటికి అంటిపెట్టుకునే థర్మల్సు, ఉన్ని మేజోళ్ళు, ఫ్లీసు చొక్కాలు, ఇంటిల్లిపాదికీ తలో టోపీ ఉంచేశాం. అందులో మా అమ్మ కోఠీలో బేరమాడి కొన్న మంకీ టోపీ కూడా ఉంది (అది పారేస్తే అమ్మకి ఎలాగైనా తెలిసిపోతుంది). అన్నీ కలిపితే ఒక్క సూట్‌కేసు. మైనస్ నలభైకి పనికొచ్చే బూట్లు, పిల్లలు మంచులో దొర్లడానికి వేసుకునే ప్యాంట్లు, చెప్పుల కింద తగిలించుకునే ముళ్ళ పట్టీలు, ఇవన్నీ పంపకాల కుప్పలోకి.

మా ఆవిడ పొడుగాటి ఉన్ని కోటు దగ్గర మాత్రం చిన్న చర్చ జరిగింది. "అక్కడ దీన్ని వేసుకునే చోటుండదు కదా" అన్నాను. "ఇక్కడ కట్టుకునే చోటుందనే పట్టుచీరలు పెట్టెనిండా ఉంచానా?" అంది. చర్చ ముగిసింది :)

ఇక మిగిలింది ఒక్క కోటు. అలమరాలో అన్నిటికన్నా వెనక, పాత సూట్‌కేసు మీద మడతపెట్టి ఉంది. ముదురు నీలం రంగు, మోకాళ్ళ దాకా వచ్చే బాతు ఈకల కోటు. దాన్ని చూడగానే ఉంచాలా ఇవ్వాలా అన్న ప్రశ్న నాకు రాలేదు. ఎందుకంటే అది నాది కాదు.

2014 జనవరిలో ఈ ఊళ్ళో దిగినప్పుడు నా ఒంటిమీదున్నది హైదరాబాదులో కొన్న తోలు జాకెట్టు. అది చూసి మా టీములో సీనియరు ఒకాయన ఏమీ అనలేదు. మర్నాడు ఈ కోటు ఆఫీసుకి తెచ్చి నా కుర్చీకి తగిలించాడు. డబ్బులిస్తానంటే నవ్వి, "నాకూ ఒకాయన ఇచ్చాడు. నువ్వు సొంతంగా కొనుక్కున్నాక తర్వాత వచ్చేవాడికి ఇచ్చెయ్, అంతే" అన్నాడు. ఆ చలికాలమంతా దాంట్లోనే బతికాను. మరుసటి నవంబరులో కొత్తది కొనుక్కున్నాను. పాతదాన్ని ఉతికి, మడతపెట్టి, అలమరాలో వెనక్కి తోశాను.

2019 జనవరి చివర్లో మా టీములోకి విజయవాడ నించి ఒక కుర్రాడొచ్చాడు. ఆ నెల 30న ఇక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్. గాలితో కలిపి చూస్తే మైనస్ 55. బడులు మూసేశారు, ఉత్తరాల బట్వాడా కూడా ఆపేశారు. దానికి సరిగ్గా వారం ముందు దిగాడతను, పల్చటి జాకెట్టుతో. నేనేం చేశానో తెలుసా? కాంటీన్లో కూచోబెట్టి అరగంట ఉపన్యాసమిచ్చాను. నూలు బనీను చెమటకి తడిసిందంటే వెచ్చదనం పోతుంది కాబట్టి వద్దు, లోపల ఉన్నిదో సింథటిక్‌దో వేసుకో, దానిమీద ఫ్లీసు, పైన గాలి దూరనిది వేసుకో. బాతు ఈకలు వెచ్చగా ఉండేది వాటి మధ్య నిలిచే గాలి వల్ల, అందుకని కోటు మరీ బిగుతుగా కొనకు.. అన్నీ సరైన మాటలే. చివర్లో ఏ షాపులో చవగ్గా దొరుకుతాయో కూడా చెప్పాను. మా ఇంట్లో ఒక కోటుందని మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే కారణాలు బోలెడు. జిప్పు మధ్యలో పట్టేస్తుంది, ఇంత పాతది ఇస్తే ఏమనుకుంటాడో. సూట్‌కేసులన్నీ దింపితే గానీ అది బయటికి రాదు. అయినా డౌన్‌టౌన్‌లో 1962 నించి కడుతూ వచ్చిన స్కైవేలున్నాయి, ఎనభై బ్లాకుల దాకా అద్దాల వంతెనల్లోనే నడిచి వెళ్ళొచ్చు, కోటు లేకపోయినా గడిచిపోతుంది. గడిచిపోయేదే, కానీ అతని అపార్టుమెంటు ముందున్న బస్టాపుకి స్కైవే లేదు. శనివారం షాపుకెళ్దామనుకున్నాడు. శుక్రవారం బస్సు ఆలస్యమైంది. ఆఫీసుకొచ్చేసరికి ఒక చెవి అంచు తెల్లగా పాలిపోయి ఉంది. సాయంత్రానికి ఎర్రగా పొంగింది. నేను గోరువెచ్చటి నీళ్ళల్లో ముంచిన గుడ్డ పెట్టుకో, రుద్దకు అని మరో సరైన సలహా ఇచ్చాను.

ఆదివారం రాత్రి అతనికి ఫోన్ చేశాను. ఇప్పుడు శివార్లలో ఇల్లు కొనుక్కుని, పెళ్ళాం పిల్లాడితో స్థిరపడ్డాడు. విషయం మొత్తం చెప్పాను.

"అప్పుడది మీ ఇంట్లోనే ఉందా అన్నా?" అన్నాడు.

"ఉంది."

కాసేపాగి గట్టిగా నవ్వాడు. "చలికాలం వస్తోందని ఆ చెవే నాకు ముందు చెప్తుందన్నా ఇప్పటికీ" అన్నాడు. కోప్పడి ఉంటే బావుండేదనిపించింది. "సర్లే, తెచ్చియ్యి. ఆగస్టులో యూనివర్సిటీకి పిల్లలొస్తారు. నాలుగు నెలలు తిరక్కుండా మనవాడెవడో పల్చటి జాకెట్టుతో తగుల్తాడు. అప్పటిదాకా మా గరాజ్‌లో ఉంటుంది" అన్నాడు.

సోమవారం ఆ కోటుని ఉతికాను. ఈకలు ఉండకట్టకుండా డ్రయ్యర్లో రెండు టెన్నిసు బంతులు వేసి, తక్కువ వేడి మీద మూడు గంటలు తిప్పాను. జిప్పు బాగుచేయించడానికి టైలరు పద్దెనిమిది డాలర్లు తీసుకున్నాడు. ఇన్నేళ్ళు నేను చెప్పుకున్న సాకు ఖరీదు అంతేనన్నమాట. ఈకల కోటుని గాలి తీసేసే సంచుల్లో నెలల తరబడి నొక్కి పెడితే మళ్ళీ సరిగ్గా పొంగదు కాబట్టి, హ్యాంగరుకే తగిలించి తీసుకెళ్ళి ఇచ్చొచ్చాను. మిగతా కుప్ప కూడా దాని వెంటే వెళ్ళింది. డల్లాస్ తీసుకెళ్ళి ఉంటే అవి అక్కడ ఇరవయ్యేళ్ళు భద్రంగా ఉండేవి, ఎవరికీ పనికిరాకుండా.

అలమరా ఇప్పుడు ఖాళీ. మీరు ఊరు మారకపోయినా ఒకసారి మీ అలమరాలో వెనక వరస చూడండి. మీది కానిది ఏదైనా ఉంటే, నవంబరు లోపల ఇచ్చెయ్యండి.