సొంత వాక్యం

బళ్ళారిలో ఏ వీథిలో నిలుచున్నా రెండు భాషలు చెవిన పడతాయి. అంగడి మీద పలక కన్నడంలో ఉంటుంది. లోపల బేరం తెలుగులో సాగుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పూర్వపు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఎల్లలు మారాయి గాని ఇళ్ళలోని మాట మారలేదు.

ఆ నగరంలోని ఒక కళాశాలలో ఒక అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నది. తెలుగు తరగతిలో ఉన్నది ఆరుగురే. సంవత్సరం ముగిసేలోగా ఒక్కొక్కరూ ఒక కావ్యం మీద వ్యాసం రాసి సమర్పించాలి. ఆమె అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’ను ఎన్నుకున్నది. పెద్దన 1509 నుండి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి. రాయల రాజధాని హంపి బళ్ళారికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. బడిలో ఉండగా ఆమె ఆ శిథిలాలను చూసి వచ్చింది కూడా.

కాని రాయడానికి కూర్చుంటే భయం వేసింది. నీది కలగాపులగపు తెలుగు అని చిన్నప్పుడు ఎవరో నవ్విన నవ్వు ఆమె మరచిపోలేదు. ఎక్కడ కన్నడ మాట దొర్లుతుందో అని, కలం పట్టినప్పుడల్లా గైడులోని పెద్ద పెద్ద మాటలు ఏరుకొనేది. ఆ విధంగానే పద్నాలుగు పుటలు నింపింది. కవి కాలం, జీవితం, బిరుదులు, వర్ణనలు, శైలి అన్నీ వరుసగా వచ్చాయి. ‘అద్భుతం’, ‘అనితరసాధ్యం’ అనే మాటలు పుటపుటకూ ఉన్నాయి.

అధ్యాపకుడు వ్యాసమంతా చదివి, ఒక పుట ఆమె ముందు పెట్టారు.

“ఇక్కడ పెద్దన పేరు కొట్టివేసి తిమ్మన పేరు రాయమ్మా. ఏ వాక్యమైనా తప్పవుతుందేమో చూడు.”

ఆమె చూసింది. ఒక్క వాక్యమూ తప్పు కాలేదు.

“చూశావా! ఈ పొగడ్త ఎవరికైనా సరిపోతుంది. అంటే ఇందులో పెద్దన లేడు. నువ్వూ లేవు. గైడు పక్కన పెట్టి కావ్యం చదువు. నీకు ఎక్కడ సందేహం కలిగితే అక్కడ ఆగు. ఈ ఊళ్ళోనే ప్లీడరుగా ఉండిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు ఏం చేశారు? పాత కథలో సిద్ధుని దయవల్ల సారంగధరుని కాలుసేతులు తిరిగి వస్తాయి. ఆయన దానిని విషాదాంతం చేసి ‘విషాద సారంగధర’ రాశారు. తెలిసిన కథనైనా కొత్తగా ప్రశ్నించవచ్చమ్మా.”

ఆమె మళ్ళీ మొదటినుండి చదివింది. ప్రవరుడు ఊరు కదలని గృహస్థు. కాని యాత్రికులు వస్తే దూరదేశాల వింతలు అడిగి అడిగి తెలుసుకొంటాడు. ఒక సిద్ధుడు పాదలేపనం ఇస్తాడు. దానితో హిమాలయానికి వెళతాడు. మంచుకు లేపనం కరిగిపోతుంది. దారి తెలియక వరూధినిని అడుగుతాడు. ఆమె వలచినా అంగీకరించక, అగ్నిదేవుని వేడుకొని ఇల్లు చేరుతాడు. ఇదంతా ఆమె పరీక్షలకు ఎన్నోసార్లు రాసినదే.

ఒక రాత్రి చదువుతూ ఉండగా పది దాటింది. జీన్స్ ప్యాంట్లు కుట్టే కార్ఖానా నుండి నాయన ఇంకా రాలేదు. అమ్మ జొన్నరొట్టెలు పళ్ళెంలో పెట్టి, మీద మూత వేసి, గడపలో కూర్చున్నది. అప్పుడే మొదటి ఆశ్వాసంలోని ఒక పద్యం దగ్గర ఆమె ఆగిపోయింది. నడిరాత్రి అతిథులు వచ్చినా ప్రవరుని ఇల్లాలు విసుగు లేకుండా వండి పెడుతుందట! యాత్ర కథలో కవి ముందుగా ఈ వంటిల్లు ఎందుకు చూపించాడు? ఇదే ఆమెకు కలిగిన మొదటి సందేహం.

దానిని పట్టుకొని ముందుకు చదివింది. హిమాలయం మీద ప్రవరుడు తలచుకొన్నది ముసలి తల్లిదండ్రులను, తన కోసం ఎదురుచూసే ఇంటిని, నిత్యం కొలిచే అగ్నిని. అతనిని ఊరు దాటించింది ఎవరో ఇచ్చిన లేపనం. ఇల్లు చేర్చింది తన ఇంట కొలిచిన అగ్ని. ఆ రెండు మాటలూ ఆమె పక్కపక్కన రాసుకొన్నది. పాత పద్నాలుగు పుటలూ పక్కన పెట్టి, ‘మనుచరిత్రలో ఇల్లు’ అని కొత్త పేరు పెట్టింది. ప్రతి మాటకూ కావ్యంలోని ఒక ఘట్టం ఆధారంగా చూపింది. విమర్శకుల నుండి తీసుకొన్న మాట ఉంటే వారి పేరు రాసింది.

అధ్యాపకుడు సంతోషించారు గాని ఒకచోట గీత గీశారు.

“లేపనం, అగ్ని పెద్దన కల్పించినవి అని రాశావు. అవి మార్కండేయ పురాణంలోనే ఉన్నాయి. మారన దానిని పెద్దనకు ముందే తెలుగు చేశాడు. అది చదివావా?”

ఆమె చదవలేదు. గ్రంథాలయంలో అడిగి తెచ్చుకొని చదివింది. కథ అక్కడిదే. మారన క్లుప్తంగా చెప్పిన దానిని పెద్దన విస్తరించాడు. ‘కల్పించాడు’ అనే మాట కొట్టివేసి, ఇంటి సంగతిని పెద్దన ఎంత ఓపికగా నింపాడో చూపింది. వాదం చిన్నదైంది, కాని గట్టిపడింది.

సమర్పించే ముందు రోజు రాత్రి ఆ వ్యాసం అమ్మకు చదివి వినిపించింది. అమ్మకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. చివరిదాకా విని అమ్మ అన్నది:

“ఆయప్ప ఇల్లు చేరినాడు, సరే. ఆ పిల్ల ఏమైపోయినట్టు?”

ఆమెకు వెంటనే జవాబు దొరకలేదు. కావ్యంలో ఆరు ఆశ్వాసాలు ఉన్నాయి. ప్రవరుడు రెండవదానితోనే వెళ్ళిపోతాడు. వరూధిని దుఃఖం మిగులుతుంది. ఆమెను ముందే కోరి భంగపడిన గంధర్వుడు ప్రవరుని రూపంలో వచ్చి మోసగిస్తాడు. వారి కొడుకు స్వరోచి. అతని కొడుకే స్వారోచిష మనువు. అంటే, కావ్యానికి పేరిచ్చిన మనువు కథ ఇల్లు చేరిన వానితో గాక, దారిలో మిగిలిపోయిన దానితో ముందుకు సాగింది! ఇంటిని గురించి తాను చెప్పిన మాట ప్రవరునికి సరిపోతుంది గాని వరూధినికి సరిపోదు.

ఆ సంగతి దాచిపెడితే వ్యాసం నున్నగా ఉండేది. ఆమె దాచలేదు. తెల్లవారుజామున లేచి చివర ఒక పేరా చేర్చి, తన వాదం ఎంతవరకు చెల్లుతుందో, ఎక్కడ ఆగిపోతుందో రాసింది. తరువాత మొదటి పేరా మార్చింది. ఏమి చెప్పబోతున్నదో ఆమెకు అప్పటికి గాని స్పష్టంగా తెలియలేదు.

వ్యాసం తొమ్మిది పుటలకు తగ్గింది. అందులో ‘అద్భుతం’ అనే మాట లేదు. ఒకచోట మాత్రం, ఇంటి మాట ఒకటి తెలియకుండానే దొర్లింది. కొట్టివేయబోయి ఆమె ఆగింది. ఆ వాక్యంలో పెద్దన పేరు తీసి తిమ్మన పేరు పెట్టి చూసింది. ఈసారి వాక్యం తప్పయింది. ఆ మాటను అట్లాగే ఉంచి, కింద తన పేరు రాసింది.