దురద

రాత్రి రెండింటికి మా ఇంట్లో ఒక చప్పుడు వినిపించేది. టక్ టక్ టక్‌మని కాలి మడమ నేలకి తగిలే చప్పుడు. మల్లి వెనక కాలితో చెవి కింద గోక్కుంటూ ఉండేది. అది ఆగాక నాకుడు మొదలు. పాదాల వేళ్ళ సందుల్లో, పొట్ట కింద, తడితడిగా, గంటల తరబడి. రెండేళ్ళపాటు ఆ చప్పుడు వింటూ పడుకుని, ఆ చప్పుడుకే లేచాను. ఒళ్ళంతా దురద పెడుతోందని చెప్పలేని జీవి పక్కన పడుకోవడం ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

మల్లి మా వీధి కుక్క. 2019 వానాకాలంలో తార్నాకలో మా అపార్ట్‌మెంటు మెట్ల కింద తడిసి ముద్దయి దొరికింది. తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు చెవులు. అప్పటికి అమ్మ నా దగ్గరికొచ్చి ఏడాదయింది. నాన్న పోయాక తెనాలి దగ్గర ఊళ్ళో ఇంటికి తాళం వేసి వచ్చింది. "కుక్కని ఇంట్లోకి తెస్తే నేనుండనే" అన్న మనిషి, వారం తిరక్కుండానే తన కంచంలో చివరి పెరుగన్నం ముద్ద దానికి తీసి పెట్టడం మొదలుపెట్టింది. ఆ ముద్ద కోసం మల్లి అమ్మ మోకాలికి తల ఆనించి కూర్చునేది. కొత్త ఊళ్ళో, మాట్లాడే మనిషి లేని మధ్యాహ్నాల్లో, వాళ్ళిద్దరికీ స్నేహం అలా కుదిరింది.

2021 ఎండాకాలంలో దురద మొదలైంది. ముందు పాదాలు, తర్వాత చంకలు, పొట్ట. చెవుల్లోంచి పులిసిన వాసన. కొన్నాళ్ళకి వెంట్రుకలు రాలిపోయి పొట్ట మీద చర్మం నల్లబడి ఏనుగు తోలులా మందమయింది.

మొదట చూపించిన డాక్టరు నన్ను చూసి అడిగిన మొదటి ప్రశ్న, "సార్ రాలేదా?" కుక్కని పట్టుకోవడానికి మగవాళ్ళెవరైనా ఉంటే బాగుంటుందని ఆయన ఉద్దేశం కావచ్చు. "వీధి కుక్కలకి ఇది మామూలేనమ్మా" అని ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. పది రోజులు హాయిగా ఉంది. తర్వాత మళ్ళీ మొదలు. మళ్ళీ ఇంజెక్షన్. ఏడాదిలో ఏడుసార్లు. అది స్టిరాయిడ్ అని నాలుగోసారి నేను అడిగితే చెప్పారు. మల్లి గిన్నెలు గిన్నెలు నీళ్ళు తాగేది, ఇంట్లోనే పోసేసేది, ఎప్పుడూ ఆకలే. స్టిరాయిడ్‌ని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. దురద భరించలేనప్పుడు అది అవసరమే. కానీ ఆ ఏడుసార్లలో ఒక్కసారి కూడా, ఈ కుక్క ఏం తింటుంది అని ఎవరూ అడగలేదు.

నేను కాలేజీలో తెలుగు చెప్తాను. స్త్రీల మౌఖిక జ్ఞానం మీద రెండు వ్యాసాలు రాసినదాన్ని. అమ్మమ్మల చిట్కాల్ని మూఢనమ్మకాలని కొట్టిపారేసిన చదువు మీద నాకు కోపం ఉండేది, ఇప్పటికీ ఉంది. కాబట్టి ఎనిమిదో ఇంజెక్షన్ దగ్గర ఆగిపోయి ఇంటి వైద్యం వైపు తిరగడం నాకు సహజంగానే అన్పించింది. వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్ళతో స్నానం. పసుపు, కొబ్బరినూనె. మల్లి కాదు, మా సోఫా కూడా పసుపుపచ్చగా తయారైంది. పెరుగు పట్టించాం, అది శుభ్రంగా నాకి తినేసింది. వేప నీళ్ళకి కాసేపు ఉపశమనం ఉన్నట్టే కన్పించేది. రాత్రికి మళ్ళీ టక్ టక్ టక్.

అప్పుడు అమ్మ తన మందు బయటికి తీసింది. గోరువెచ్చటి కొబ్బరినూనెలో దేవుడి దగ్గర వెలిగించే కర్పూరం బిళ్ళలు పొడి చేసి కలపాలి. నా చిన్నప్పట్నించీ అమ్మ చేతులకి రాసుకునే నూనె అది. ఆ వాసనే నాకు అమ్మ వాసన. నా మొదటి వ్యాసంలో ఒక పేరా మొత్తం ఆ నూనె గురించే ఉంది. ‘వారసత్వం’ అన్న మాట వాడాను అందులో.

2022 డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున అమ్మ మల్లికి పొట్ట నిండా ఆ నూనె పట్టించింది. చల్లగా హాయిగా ఉన్నట్టుంది, మల్లి కదలకుండా పడుకుంది. తర్వాత తీరిగ్గా కూర్చుని అంతా నాకింది. గంట గడవకముందే వాంతి చేసుకుంది. తర్వాత కాళ్ళు వణికాయి, పక్కకి పడిపోయింది, నోట్లోంచి నురగ, కాళ్ళు కొట్టుకుంటున్నాయి. అమ్మ "మల్లీ, మల్లీ" అని పిలుస్తూనే ఉంది.

ఆదివారం తెరిచి ఉన్న క్లినిక్ దొరికేసరికి నలభై నిమిషాలు పట్టింది. అక్కడున్న డాక్టరమ్మ నోటి దగ్గర వాసన చూసి, "కర్పూరమా?" అంది. కర్పూరానికి విరుగుడు మందు లేదట. మూర్ఛ ఆపడానికి ఇంజెక్షన్ ఇచ్చి, గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఒంటి మీద నూనె కడిగించి, రాత్రంతా సెలైన్ పెట్టి చూసుకున్నారు. మర్నాడు మల్లి తోక ఊపింది. అమ్మ మాత్రం నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడలేదంటే కోపం కాదు. వంటింట్లో ఆ నూనె సీసా లేదు. ఎప్పుడు పారబోసిందో నాకు తెలీదు.

తర్వాత ఆ డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాం. నలభై నిమిషాలు ప్రశ్నలే అడిగింది. ఎప్పుడు మొదలైంది, ఏ నెలల్లో ఎక్కువ, ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, మీ ఇంట్లో ఎవరికైనా దురద ఉందా... అన్వేషి వాళ్ళు తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ చదివి పెరిగిన తరం నాది. డాక్టర్ని ప్రశ్నలు అడగడం మన హక్కు అని నేర్చుకున్నాం. డాక్టరే మనల్ని ప్రశ్నలు అడగడం కూడా మన హక్కేనని నాకు అప్పుడే తట్టింది.

ఆమె చెప్పింది చాలావరకు నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మనకి పూతమందు అంటే ఒంటి పైకి రాసేది. కుక్కకి పూసేదంతా కడుపులోకి పోయేదే. దాని చర్మం పైపొర మనకంటే పల్చన. అందుకే మన సబ్బులూ పడవు. టీ ట్రీ ఆయిల్ కూడా విషమేనట, ‘నేచురల్’ అని సీసా మీద ఉన్నా సరే. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. దురదకి మొదట అనుమానించాల్సింది గోమార్లని, గజ్జి పురుగుల్ని. అందుకని చర్మం గీకి మైక్రోస్కోపులో చూసింది. అవి లేవు. చెవుల్లో ఈస్ట్ ఉంది, దానికి వేరే మందిచ్చింది. ఆ తర్వాత మిగిలేవి రెండు: ఇంటి దుమ్ములో, గాలిలో ఉండే వాటికి అలర్జీ, లేదా తిండికి అలర్జీ. మొదటిదే ఎక్కువమందిలో ఉంటుంది. కానీ రెండోది ఉందో లేదో తేల్చే నమ్మకమైన రక్తపరీక్ష లేదు. ఎప్పుడూ తినని పదార్థాలు రెండే తీసుకుని, ఎనిమిది వారాలు అవి తప్ప నోట్లో ఇంకేం పడకుండా చూడాలి. ఒక్క బిస్కెట్ ముక్క కూడా.

"చికెన్ పడట్లేదేమో" అన్నాను.

"కావచ్చు. కానీ మీరు పాలు, పెరుగు సంగతి ఎందుకు అడగరు?" అంది. 2016లో వచ్చిన ఒక సమీక్షలో తిండి అలర్జీ ఉన్న కుక్కల్ని లెక్కేస్తే అన్నిటికంటే ముందు గొడ్డుమాంసం, తర్వాత పాల పదార్థాలు, ఆ తర్వాత కోడిమాంసం, గోధుమ. పెరుగన్నం పెట్టి పెంచిన కుక్కలు మన ఇళ్ళలో ఎన్నో!

మల్లి ఎప్పుడూ తిననివి వెతికితే చేపా, చిలగడదుంపా తేలాయి. రాంనగర్ చేపల మార్కెట్‌కి వెళ్ళి కొరమేను తెచ్చేదాన్ని, ముళ్ళు తక్కువని. ఉప్పూ కారం లేకుండా ఉడికించి, మళ్ళీ ఒక్కొక్క ముల్లూ ఏరాలి. పొద్దున తొమ్మిదిన్నరకి క్లాసు. ఇది చాలా రోజులు పెడితే కాల్షియం తక్కువవుతుందని డాక్టరమ్మ పొడి మందు రాసింది. ‘సహజ ఆహారం’ అని రెండు మాటల్లో అనేస్తాం గానీ, దాని వెనక రోజుకి గంటన్నర ఒక ఆడమనిషి స్టవ్ దగ్గర నిలబడి ఉంటుంది. పిల్లల్ని కనలేదు కాబట్టి ఆ చాకిరీ తప్పించుకున్నాననుకున్న నేను, నలభై ఏడేళ్ళ వయసులో చేప ముళ్ళు ఏరుతూ నవ్వుకున్నాను.

మా ఇంట్లో పని చేసే ఆమె ఒకరోజు ఆ గిన్నెలోకి చూసి, "మా పోరగాళ్ళకి కొరమేను తెచ్చి ఏడాది దాటింది మేడం" అంది. ఎత్తిపొడుపేం లేదు, ఊరికే అంది. ఆరోజు ఆమెకి చేప కొనిచ్చాను. కొనిచ్చి ఇంకా సిగ్గుపడ్డాను. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

అయిదు వారాలు గడిచాయి. దురద ఏమీ తగ్గలేదు. ఇక తిండి వల్ల కాదని వదిలేద్దామనుకుంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం క్లాసు రద్దయి ముందే ఇంటికొచ్చాను. అమ్మ బాల్కనీలో ముక్కాలిపీట మీద కూర్చునుంది. మల్లి ఆమె మోకాలికి తల ఆనించి ఉంది. అమ్మ చేతిలో ముద్ద.

నేను అరిచాను. మా ఇంట్లో నాన్న అరిచినట్టే అరిచాను. అయిదు వారాలు, కొరమేను, ముళ్ళు, అన్నీ ఏకరువు పెట్టాను. "ఒకసారి చంపబోయావు, చాలదా?" అని కూడా అన్నాను. ఆ మాట రాయకుండా ఉండాలనుకున్నాను గానీ, రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. చాలాసేపటికి, "అది అట్లా చూస్తా ఉంటే నాకు ముద్ద దిగలా" అంది. తర్వాత, "నాకు మాత్రం తెలుసా ఆ నూనె పనిచెయ్యదని?" అంది.

నాకర్థం కాలేదు. "మరి అన్నేళ్ళు రాసుకున్నావుగా?"

"చల్లగా ఉండేది. అంతే. తగ్గిందెప్పుడు?"

అప్పుడు ఆ చేతులకేసి చూశాను. వేళ్ళ సందుల్లో పొట్టు, పగుళ్ళు, మణికట్టు దగ్గర నల్లబడి మందమైన చర్మం. మల్లి పొట్టలాగే. చిన్నప్పుడు రాత్రిళ్ళు అమ్మ చేతులు మంచం పట్టెకి రుద్దుకునే చప్పుడు వినేవాళ్ళం. "నిద్ర పట్టనివ్వవా" అనేవాడు నాన్న. వేడి చేసిందని మజ్జిగ తాగమన్నారు, ఏదో మనసులో పెట్టుకుందని అన్నారు.

"డాక్టరుకి ఎందుకు చూపించుకోలేదమ్మా?"

"ఎవరు తీసుకెళ్ళారే?"

నేను వారసత్వం అని రాసిన నూనె అది. దాన్ని అమ్మకి నాయనమ్మ చెప్పిందట, నాయనమ్మకీ చేతులు అలాగే ఉండేవట. ఆమెనీ ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఆ వ్యాసం కోసం అమ్మని మూడుసార్లు ఇంటర్వ్యూ చేశాను. నూనె ఎలా కాచాలి, ఎన్ని బిళ్ళలు వెయ్యాలి అన్నీ అడిగి రాసుకున్నాను. తగ్గిందా అని మాత్రం అడగలేదు.

మళ్ళీ మొదటి వారం నుంచి మొదలుపెట్టాం. ఈసారి చేప ముళ్ళు అమ్మే ఏరింది, నాకంటే వేగంగా, నాకంటే శుభ్రంగా. ఆరో వారంలో ఒక రాత్రి మెలకువ వచ్చి, ఎందుకొచ్చిందా అని ఆలోచిస్తే, చప్పుడు లేదు. ఎనిమిది వారాలయ్యాక ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడాలి. చికెన్ రెండు వారాలు పెట్టాం, ఏమీ కాలేదు. పెరుగు పెట్టిన మూడో రోజు పాదాలు ఎర్రబడ్డాయి. అమ్మే చూసి చెప్పింది నాకు.

దాంతో అంతా నయమైపోలేదు. వానల ముందు, చలికాలం చివర్లో ఇప్పటికీ కొంచెం గోక్కుంటుంది. దుమ్ము కూడా పడదన్నమాట. పక్కబట్టలు వారానికోసారి వేడినీళ్ళలో వేస్తాం. ఓట్స్ మెత్తగా పొడి చేసి కలిపిన నీళ్ళతో స్నానం చేయిస్తాం. చేపనూనె మాత్రలు డాక్టరమ్మ చెప్పిన కొలతలో వేస్తాం, వాటి గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పట్టింది. మరీ ఎక్కువైతే మందులే. వేపాకు నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. డాక్టరమ్మ వద్దనలేదు, అమ్మ మానలేదు.

2023 వేసవిలో అమ్మని చర్మం డాక్టరుకి చూపించాను. అప్పటికి ఆమెకి డెబ్భై ఒకటి. నీళ్ళలో నానడం, సబ్బుపొడి పడకపోవడం అన్నారు. ఒక ఆయింట్‌మెంటు, గిన్నెలు తోమేటప్పుడు గ్లౌజులు, చెయ్యి కడిగిన ప్రతిసారీ క్రీము. మూడు వారాలకి వేళ్ళు మెత్తబడ్డాయి. అమ్మ రెండు చేతులూ కిటికీ వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇంతేనా?" అంది. "ఇంతేనంటే?" అన్నాను.

మళ్ళీ ఏం అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఇప్పుడు పెరుగన్నం కలుపుకునే ముందు అమ్మ వంటింటి తలుపు గడియ వేసుకుంటుంది. మల్లి బయట, తలుపు కింద సందులో ముక్కు పెట్టి పడుకుంటుంది. లోపల్నుంచి అమ్మ దానితో ఏదో మాట్లాడుతూనే తింటుంది.