చిల్లర్

రాత్రి పాళీ ఉద్యోగులకు సోమవారం అంటే ఏమిటో సరిగా తెలియదు. మా గడియారంలో అది వచ్చేసరికి, మేము ఎవరికోసం పనిచేస్తున్నామో వాళ్ళకు ఇంకా ఆదివారమే.

2011 ఫిబ్రవరి 7, సోమవారం, వేకువ ఐదు గంటలు. మాదాపూర్‌లోని మా కార్యాలయంలో నలుగురమే ఉన్నాము. డాలస్ సమీపాన ఆర్లింగ్టన్‌లో సూపర్ బౌల్ మొదలవుతోంది. గ్రీన్ బే ప్యాకర్స్‌కు, పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు పోటీ. తెర మీద ఒక మూల సర్వర్ల పరిస్థితి, ఇంకో మూల స్కోరు పెట్టుకుని కూర్చున్నాను. ఆ దేశపు ఫుట్‌బాల్‌తో నాకేమి సంబంధమంటారా? మా క్లయింటు మేనేజరుది విస్కాన్సిన్. ప్రతి వారం ఫోనులో మొదటి పది నిమిషాలూ ప్యాకర్స్ కథే. గ్రీన్ బే లక్ష జనాభా ఉన్న చిన్న ఊరనీ, ఆ జట్టుకు యజమానులు వాటాలు కొనుక్కున్న సామాన్యులేననీ గర్వంగా చెప్పేవాడు. వినగా వినగా నాకూ అలవాటయింది.

ఒకనాడు అతడే, "మీ దేశం మూలాలున్నవాడు మా జట్టులో ఉన్నాడు తెలుసా? బ్రాండన్ చిల్లర్" అన్నాడు. పేరు విని నవ్వొచ్చింది. మనకు చిల్లరంటే తెలిసిన అర్థం ఒకటే కదా! తండ్రిది భారతదేశం, పుట్టింది లాస్ ఏంజెలెస్‌లో, 1982లో. తెలుగువాడేమీ కాదు. అయినా ఆ పేరు నన్ను పట్టుకుంది.

చిల్లర్ లైన్‌బ్యాకర్. ఆ ఆటలో దాడి చేసే జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరగనివ్వకపోవడమే రక్షణ జట్టు పని. లైన్‌బ్యాకర్ ముందు వరుసకు కొన్ని గజాల వెనక నిలబడి, ఎదుటివాళ్ళు బంతితో పరుగెత్తుతారా, విసురుతారా అన్నది రెప్పపాటులో పసిగట్టి మీద పడాలి. నాకు మా ఊరి చెడుగుడు గుర్తుకొచ్చింది. కూతకు వెళ్ళినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. వాడిని పట్టినవాడి మోకాలి సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు. మా ఉద్యోగమూ అటువంటిదే. సర్వరు పడిపోకుండా కాస్తే, ఆ రాత్రి ఏమీ జరగలేదని రాస్తారు.

యూసీఎల్‌ఏలో చదివిన చిల్లర్‌ను 2004లో సెయింట్ లూయిస్ రామ్స్ నాలుగవ విడతలో, 130వ ఆటగాడిగా ఎంచుకున్నారు. అక్కడ నాలుగు సీజన్లు ఆడి, 2008లో గ్రీన్ బేకి వచ్చాడు. సగటు ఆటగాడి ఆయుష్షు మూడు, మూడున్నర సీజన్లకు మించని ఆటలో అతడిది ఏడవ సీజను. ఆ ఏడే అతడి జట్టు చివరి మెట్టు ఎక్కింది. కానీ ఆ వేకువన చిల్లర్ మైదానంలో లేడు. సీజను మధ్యలోనే గాయపడినవారి జాబితాలో చేరాడు. అప్పట్లో అందులో చేరితే ఆ ఏడాదికి ఆట ముగిసినట్టే. ప్యాకర్స్‌లో అటువంటివారు పదిహేనుమందికి తక్కువ లేరు.

ఆ ఆటకు ముందు ఒక చిన్న గొడవ జరిగింది. జట్టు ఫోటోను ముందుగా నిర్ణయించిన రోజుకి గాయపడినవారు అక్కడికి చేరుకోరు. అంటే ఫోటోలో వారుండరు. నిక్ బార్నెట్, జెర్మైకల్ ఫిన్లీ ఈ సంగతి ట్విట్టర్‌లో బయటపెట్టారు. చివరకు కోచ్ మైక్ మెకార్తీ, అందరూ వచ్చాకే ఫోటో తీసేలా రోజు మార్పించాడు.

కోట్లు గడించే మనుషులు ఫోటో కోసం అలగడమేమిటని మా క్యాంటీనులో నవ్వుకున్నారు. నేను నవ్వలేకపోయాను.

అంతకు ముందు ఏడాది, నేను అప్పుడు చేస్తున్న సంస్థలో పాత వ్యవస్థనంతా కొత్తదానిలోకి మార్చే పని నడిచింది. పదకొండు నెలలు నేనూ అందులో ఉన్నాను. ఆఖరి నెలలో నడుములో డిస్కు జారి, మూడు వారాలు మంచం దిగలేదు. ఆ మూడు వారాల్లోనే పని పూర్తయింది. జట్టు ఫోటో తీసి మెట్ల పక్క గోడకు తగిలించారు. తిరిగి వెళ్ళిన రోజున లెక్కపెట్టాను. ఇరవై మూడు ముఖాలు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడానికి అదేమంత పెద్ద విషయమని? అంతే, ఆనాటి నుంచి నడుము వంకతో లిఫ్టే ఎక్కేవాణ్ణి.

ఆ రోజు ప్యాకర్స్ 31-25తో గెలిచారు. నాలుగవ పాదం మొదట్లో స్టీలర్స్ చేజార్చిన బంతిని అందుకున్నవాడు డెస్మండ్ బిషప్. గాయపడిన బార్నెట్ స్థానంలోకి వచ్చినవాడతడు. ఒకరి గాయం ఇంకొకరికి అవకాశం. అందులో తప్పు లేదు. ఖాళీ అయిన చోటు ఎవరిదో కూడా గుర్తుంచుకుంటే చాలు.

2011లోనే గ్రీన్ బే చిల్లర్‌ను వదిలేసింది. అదే ఏడు, ఆ ఆటను మన దేశానికి తెస్తామన్న కొత్త లీగులో పెట్టుబడి పెట్టినవారి పేర్లలో అతడి పేరు కనిపించింది. మన హైదరాబాదుకూ స్కైకింగ్స్ అనే జట్టు ఉండేది! 2012లో ఆ లీగు మ్యాచులు కొలంబోలో జరిగాయి. లీగు మాత్రం నిలదొక్కుకోలేదు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఎవరినడిగినా స్కైకింగ్స్ అంటే విమానాల కంపెనీ అనుకుంటారు.

2018 నాటికి నా కింద పద్నాలుగుమంది ఉన్నారు. ఒక పెద్ద పని ముగిసి ఫోటో అన్నప్పుడు, ఒక అమ్మాయి ప్రసూతి సెలవులో ఉంది. "ఆమె వచ్చేదాకా ఆగుదాం" అన్నాను. "ఎందుకు సార్, తరవాత అతికించొచ్చు" అన్నాడొక కుర్రవాడు. ఆగాము. ఆరు వారాల తరువాత ఆమె కూకట్‌పల్లి నుంచి గంటసేపటి కోసం వచ్చింది, బిడ్డనెత్తుకుని.

మీ కార్యాలయాల గోడల మీదా ఇటువంటి ఫోటోలు ఉండే ఉంటాయి. ఉన్నవారిని కాదు, లేనివారిని ఒకసారి లెక్కపెట్టి చూడండి. మా ఫోటోలో మాత్రం ఎప్పుడు లెక్కపెట్టినా ఒకరు ఎక్కువే వస్తారు.