పుస్తకంలో మాట, చెవిలో రాగం



కీబోర్డు నేర్చుకోవాలంటే నొటేషన్ చదవడం రావాలా, విని వాయిస్తే చాలదా అని మన యవ్వనస్థులు అడుగుతున్నారు. సెమినరీలో డిప్లొమా చదివిన రోజుల్లో మేమూ ఐదు గీతల మీద స్వరాలు చదవడం కొంత నేర్చుకున్నాం. అది మంచి విద్యే. నాలుగు గొంతులు నాలుగు వరుసల్లో పాడుతూ ఒక్కటిగా వినిపించాలంటే ఆ కాగితం ఎంతో సాయం. 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయం చూడండి. ఆలయ గాయకులు 288 మంది, అందరూ నేర్చుకున్నవారే.

అయితే మన చేతుల్లో ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పైన రాగం, తాళం పేర్లుంటాయి, కింద మాటలుంటాయి. స్వరాలుండవు. పురుషోత్తమ చౌధరి గారి (1803–1890) కీర్తనలు మన కరువు పల్లెల దాకా వచ్చాయంటే నోటినుండి చెవికి, చెవినుండి నోటికి వచ్చినవే. చెనక్కాయలు ఒలుస్తూ పాడే మన అవ్వలకు రాగం పేరు తెలియదు. కానీ ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ ఆపాలో మాత్రం తప్పరు.

ఇప్పుడు బైబిలులో 22వ కీర్తన పైభాగం చదవండి. అక్కడా ఒక రాగం పేరుంది. మాటలు మనకు దక్కాయి. ఆ రాగం ఎలా ఉండేదో మాత్రం నేడు ఎవరికీ తెలియదు. పాడినవారితోనే అది పోయింది. మన పుస్తకానికీ ఆ గతి పట్టవచ్చు. ఇప్పటికే కొన్ని పాటల దగ్గర, రాగం తెలిసినవారు లేక, పేజీ తిప్పేస్తున్నాం.

కాబట్టి యవ్వనస్థులారా, ఆదివారం ఆరాధన అయ్యాక ఒక అవ్వ పక్కన కూర్చోండి. ఆమె పాడుతుంటే ఫోనులో రికార్డు చేయండి. ముందు విని పాడండి, తర్వాత సరిగమల్లో రాసిపెట్టండి. చెవి లేకపోతే పాటకు ప్రాణం ఉండదు, రాత లేకపోతే రేపు ఉండదు. వినడం ఎంత అవసరమో రోమా 10:17లో పౌలు చెప్పాడు, కానీ ఆ మాట మన దాకా వచ్చింది ఉత్తరంలోనే కదా!

అవ్వలకు గొంతు, పిల్లలకు ఓపిక ప్రభువు దయచేయును గాక. ఆమేన్.