కప్పస్తంభము కడ

విశాఖపట్టణమునకు సమీపముననున్న సింహాచలమునకు నేను మూడు మారులు పోయితిని. మూడు మారులును మా అత్తగారే నన్ను వెంటబెట్టుకొని పోయిరి. వివాహమై తొమ్మిదేండ్లు గడచినను నాకు సంతానము కలుగలేదు. ఆ యాలయములోని కప్పస్తంభమును కౌగిలించుకొని వేడుకొన్నవారికి బిడ్డలు కలుగుదురని ప్రతీతి. మొదటి మారు నేను భక్తితో కౌగిలించుకొంటిని. రెండవ మారు సిగ్గుతో.

గత కార్తికమున మరల పోయితిమి. ఆ క్షేత్రము మిక్కిలి ప్రాచీనమైనది. అచ్చటి శాసనములు 11వ శతాబ్దమునుండియు గలవు. 1516వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు దేవేరులతో వచ్చి స్వామికి నగలు సమర్పించెను. అంతకు చాల పూర్వమే, 12వ శతాబ్దమున, వెలనాటి గొంకరాజు రాణి యొకతె స్వామివిగ్రహమునకు బంగారు తొడుగు చేయించెనట. ఆమె మనసులో నేమి యుండెనో గదా యని తలచుకొనుచు లోనికి నడచితిని.

స్తంభము కడకు రాగానే నా కాళ్లు నిలిచిపోయినవి.

"అత్తయ్యా! ఈ మారు నేను కౌగిలించుకొనను. అడిగి అడిగి అలసిపోతిని" అంటిని.

ఆమెకు కోపము వచ్చునని భయపడితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట మెల్లగా నిట్లనిరి: "అమ్మాయీ, రెండు మారులు నిన్నిచ్చటికి దెచ్చితిని. నీకు రావలెనని యున్నదో లేదో యొకనాడైన నడుగలేదు. నీ వక్కడనే యుండుము."

ఆమెయే పోయి స్తంభమును కౌగిలించుకొనిరి. వృద్ధాప్యముచే వంగిన యామె చేతులు కలిసికొనలేదు. నేను ఆవలి ప్రక్కకు బోయి ఆ రెండు చేతులను నా చేతులతో పట్టుకొంటిని.

"ఏమి కోరుకొంటి రత్తయ్యా?"

"నా కోడలిని ఇక నెవ్వరును ఆ మాట యడుగకుండ జూడు మంటిని. అందరికంటె ముందు నన్నే యడుగనీయవద్దంటిని."

స్వామి దర్శనము చేసికొంటిమి. వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే స్వామి నిజరూపము కానవచ్చును. ఆ రాత్రియే మరల చందనము పూయుదురు. పిదప వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలందును పూయుదురు. పూసిన ప్రతి మారును మూడు మణుగుల చందనము. కార్తికమున మాకు గనబడినది చందనమే. కాని మా అత్తగారి మనసు మాత్రము నా కానాడు కనబడినది.

సోదరీమణులారా! బిడ్డలు లేని కోడలిని గుడికి దీసికొనిపోవుట తప్పు గాదు. బయలుదేరుటకు ముందు మాత్రము "పోవుదమా?" యని యామె నొకమా రడుగుడు. ఆమె వలదన్నచో, ఆ మాటను గూడ మన్నింపుడు.